ఐక్యరాజ్యసమితిలో పెట్టిన సంతకాన్ని పంచాయతీ మినిట్స్ బుక్కు దాకా తేవడం ఎలా?

గ్రామ సభ రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేస్తారు. ముందు వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు, వాటి నిండా మగవాళ్ళు. ఆడవాళ్ళు వెనక చెట్టు నీడన, సగం మంది నిలబడే ఉంటారు. బల్ల దగ్గర మధ్య కుర్చీ సర్పంచ్‌ది. కానీ అందులో ఆమె భర్త కూర్చుంటాడు, ఆమె పక్కన స్టూలు మీద సర్దుకుంటుంది. మాట్లాడేది ఆయన. అంతా అయ్యాక కార్యదర్శి రిజిస్టర్ తెచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తాడు. పైన ఏం రాశారో చదివే వ్యవధి ఎవరూ ఇవ్వరు.

ఇలాంటి సభలు చాలా చూశాను. అలాంటి ఒక సభలోనే, మొదటిసారి గెలిచిన ఒక వార్డు సభ్యురాలు లేచి, "ఆ పుస్తకం ఒకసారి చదివి వినిపించండి సార్, తర్వాత పెడతాం సంతకం" అంది. కార్యదర్శి చదివాడు. అరగంట పాటు ఆడవాళ్ళు మొత్తుకున్న వీధి దీపాల సంగతి అందులో ఒక్క ముక్క లేదు. అక్కడికక్కడే రాయించారు.

న్యూయార్క్‌లోనో బీజింగ్‌లోనో ప్రభుత్వాలు ఆడవాళ్ళకు ఇచ్చిన మాటలు ఊళ్ళో నిజమయ్యేది ఇలాంటి క్షణంలోనే. ఆ మాట అక్కడి నుంచి ఆ రిజిస్టర్ దాకా రావాలంటే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో ఇక్కడ రాస్తున్నాను. పొదుపు సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళకి, వార్డు సభ్యురాళ్ళకి, పోటీ చేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: మాట ఎక్కడ ఇచ్చారో పట్టుకోవడం

అప్పు ఇచ్చినవాడు వసూలుకి వెళ్ళేటప్పుడు ముందు నోటు వెతుక్కుంటాడు. మనమూ అంతే. మూడు కాగితాలు తెలిస్తే చాలు.

మొదటిది సీడా. మహిళల పట్ల అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒప్పందం ఇది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1979 డిసెంబర్ 18న ఆమోదించింది. భారత్ 1980లో సంతకం చేసి, 1993 జులై 9న ధ్రువీకరించింది. మనకు కావలసినవి ఇందులో రెండు అధికరణాలు. ఓటు వేయడంలో, పోటీ చేయడంలో, ప్రభుత్వ విధానాలు తయారుచేయడంలో, పదవులు నిర్వహించడంలో మగవాళ్ళతో సమాన హక్కు ఉండాలంటుంది 7వ అధికరణం. అసలైన సమానత్వం వచ్చేదాకా రిజర్వేషన్ లాంటి తాత్కాలిక ప్రత్యేక చర్యలు తీసుకోవచ్చు, అది వివక్ష కిందికి రాదు అంటుంది 4వది. "రిజర్వేషన్ ఇస్తే మగవాళ్ళకి అన్యాయం కదా" అని ఎవరైనా అంటే ఈ 4వ అధికరణం గుర్తు చేయండి. పైగా 2024 అక్టోబర్‌లో సీడా కమిటీ తన 40వ సాధారణ సిఫార్సులో ఇంకో అడుగు వేసింది. నిర్ణయాలు జరిగే ప్రతిచోటా సగానికి సగం ఆడవాళ్ళు ఉండాలన్నదే లక్ష్యమని స్పష్టంగా చెప్పింది.

రెండోది 1995 బీజింగ్ ప్రకటన. 189 దేశాలు ఒప్పుకున్న కార్యాచరణలో 12 ముఖ్య రంగాలున్నాయి. అందులో ఒకటి అధికారంలో, నిర్ణయాల్లో మహిళల పాత్ర.

మూడోది 2015లో వచ్చిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు. వీటిలో 5.5 మన పనికొచ్చేది. దీని గొప్పతనం ఏమిటంటే, ఇది పార్లమెంటులో ఎంతమంది ఆడవాళ్ళున్నారో మాత్రమే కాదు, స్థానిక సంస్థల్లో ఎంతమంది ఉన్నారో కూడా లెక్క అడుగుతుంది. అంటే మీ పంచాయతీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. సీడాకు అనుబంధంగా ఇంకో ఒప్పందం ఉంది. దాని కింద పౌరులు నేరుగా ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. భారత్ అందులో చేరలేదు. కాబట్టి మీ ఊరి గొడవ జెనీవాకు తీసుకెళ్ళే దారి లేదు. వసూలు ఇక్కడే చేసుకోవాలి.

రెండో మెట్టు: ఆ మాట మన చట్టంలో ఎక్కడ ఉందో చూడడం

ఎంపీడీవో ఆఫీసుకు వెళ్ళి "సీడా 7వ అధికరణం ప్రకారం" అని మొదలుపెడితే ఎవరూ తల ఎత్తరు. అదే "రాజ్యాంగం 243డి ప్రకారం" (పంచాయతీల్లో మహిళలకు సీట్లు కేటాయించే అధికరణం ఇది) అంటే కుర్చీ చూపిస్తారు. అందుకే ప్రతి అంతర్జాతీయ హామీకి మన చట్టంలో జోడీ వెతకాలి.

ఇలా వెతికి సాధించిన చరిత్ర మనకుంది. మహిళల స్థితి మీద నివేదికలు ఇమ్మని ఐక్యరాజ్యసమితి దేశాలను అడుగుతున్న కాలంలోనే, 1971లో కేంద్రం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 1974 చివర్లో నివేదిక ఇచ్చింది. చట్టసభల్లో రిజర్వేషన్ వద్దని కమిటీలో ఎక్కువమంది అన్నారు, వీణా మజుందార్, లోతికా సర్కార్ అందుకు ఒప్పుకోక తమ అసమ్మతి రాశారు. అయితే గ్రామాల్లో మహిళా పంచాయతీలు పెట్టాలని కమిటీ సిఫార్సు చేసింది. మహిళల కోసం వేసిన 1988 జాతీయ దృక్పథ ప్రణాళిక పంచాయతీల్లో 30 శాతం అడిగింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, మూడో వంతుకు తగ్గకుండా సీట్లు, అధ్యక్ష పదవులు మహిళలకు కేటాయించింది. కమిటీ వేసిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు 22 ఏళ్ళు.

మన దగ్గర ఇంకాస్త ముందుకెళ్ళాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో చట్టం సవరించి పంచాయతీల్లో మహిళల వాటాను 50 శాతం చేసింది. 2013 ఎన్నికలు ఆ లెక్కతోనే జరిగాయి. తెలంగాణ 2018 చట్టంలోనూ ఆ సగం అలాగే ఉంది. ఇక 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు ఇస్తానంది. కానీ జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతుతో ఆ చట్టం చేశారు. రాజ్యసభకు, శాసనమండలికి అది వర్తించదు.

కోర్టులో ఈ కాగితాలకు ఎంత బలం ఉందో తెలియాలంటే విశాఖ కేసు చూడండి. పేరు మన విశాఖలా ఉన్నా, అది రాజస్థాన్‌లోని ఒక సంస్థ పేరు. పనిచోట లైంగిక వేధింపుల మీద చట్టమే లేని రోజుల్లో, 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు సీడాను, బీజింగ్‌లో ప్రభుత్వం ఇచ్చిన హామీని ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా, అంటే 2013 దాకా, ఆ మార్గదర్శకాలే చట్టంగా నడిచాయి. మన చట్టం మౌనంగా ఉన్నచోట అంతర్జాతీయ హామీ మాట్లాడగలదని అలా రుజువైంది.

మూడో మెట్టు: మీ ఊరి లెక్క తీయడం

తెలంగాణ పంచాయతీల్లో సగం ఆడవాళ్ళకు. అదే తెలంగాణలో 2023 ఎన్నికల్లో 119 మంది ఎమ్మెల్యేలలో గెలిచిన ఆడవాళ్ళు 10 మంది. 2024 లోక్‌సభలో 543కి 74. చట్టం తప్పనిసరి చేసినచోట సగం, పార్టీ టికెట్ దయ మీద ఆధారపడిన చోట పదో వంతు అటూఇటూ.

ఇలాంటి లెక్కే మీ మండలానికి తీయండి. సర్పంచ్‌లు ఎంతమంది ఆడవాళ్ళో అందరూ చెబుతారు, దాంతో ఆగొద్దు. జనరల్ సీట్లలో గెలిచిన ఆడవాళ్ళు ఎంతమంది? ఉపసర్పంచ్‌లు ఎంతమంది? గత ఏడాది గ్రామ సభలకు ఎంతమంది ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళు అడిగినవాటిలో ఎన్ని తీర్మానాలయ్యాయి, ఎన్ని పనులయ్యాయి? నా దృష్టిలో ఈ చివరి రెండు ప్రశ్నలే ముఖ్యం. హాజరు పట్టీలో సంతకాలు నిండుగా ఉండి, తీర్మానాల్లో ఆడవాళ్ళ మాట ఒక్కటీ లేని ఊళ్ళు బోలెడు.

వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. "మహిళా సాధికారతపై సమాచారం" అని గుండుగుత్తగా రాస్తే గుండుగుత్త జవాబే వస్తుంది. "ఫలానా తేదీ గ్రామ సభ మినిట్స్ నకలు, హాజరు పట్టీ నకలు" అని రాయండి.

నాలుగో మెట్టు: ఒక్క కోరిక, నాలుగు వాక్యాలు

మహిళా దినోత్సవం రోజు పది డిమాండ్లతో వినతిపత్రం ఇస్తాం, ఫొటో దిగుతాం. ఏప్రిల్‌కి అందరూ మరిచిపోతారు. అందుకే ఒక్కటే అడగండి. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎప్పుడు చూస్తాం అన్నవి మాత్రం అందులో ఉండాలి. ఇలా:

"ప్రతి గ్రామ సభకు కనీసం మూడు రోజుల ముందు మహిళా సభ జరపాలి. అందులో వచ్చిన అంశాలను గ్రామ సభ అజెండాలో మొదట చేర్చాలి. దీనికి పంచాయతీ కార్యదర్శి బాధ్యత వహించాలి. వచ్చే గ్రామ సభలో దీని అమలును చదివి వినిపించాలి."

ఇందులో సీడా పేరు లేదు, బీజింగ్ పేరు లేదు. కానీ విధానాల తయారీలో పాల్గొనే హక్కు అని 7వ అధికరణం అన్నది ఇదే. మహిళా సభతో మొదలుపెట్టమని సలహా ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. దీనికి పైసా ఖర్చు లేదు, కాదనడానికి సాకు దొరకదు. ఇది ఒకసారి పుస్తకంలోకి ఎక్కితే మిగతావన్నీ దీని గుండానే అడగొచ్చు.

ఐదో మెట్టు: ప్రణాళికలోకి ఎక్కించడం

అసలు పని ఇక్కడుంది, ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది ఇతివృత్తాలుగా కుదించి పంచాయతీలకు ఇచ్చింది. పేదరికం లేని గ్రామం, ఆరోగ్యకర గ్రామం, నీరు సమృద్ధిగా ఉన్న గ్రామం, ఇలా. తొమ్మిదోది మహిళా స్నేహపూర్వక గ్రామం. ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఈ ఇతివృత్తాల చుట్టూ రాయాలి. ఐక్యరాజ్యసమితి లక్ష్యానికీ మీ వీధి కుళాయికీ మధ్య ప్రభుత్వమే వేసిన వంతెన ఇది. అధికారుల నోట వినే జీపీడీపీ ఇదే.

దీనికోసం ఏటా అక్టోబర్ 2 నుంచి ప్రచార కార్యక్రమం మొదలవుతుంది. ఆ వేడిలో వెళితే ఆలస్యం. సెప్టెంబర్‌లోనే గ్రామ సమాఖ్య సమావేశంలో కూర్చోండి. పొదుపు సంఘాలు తమ సభ్యుల అవసరాలు రాసి ఇచ్చే వీపీఆర్‌పీ (మొదట్లో దీని పేరు గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక) ఒకటుంది, దాన్ని పంచాయతీ ప్రణాళికలో కలపాలన్నది నిబంధన. చాలా చోట్ల వీవోఏ, అంటే గ్రామ సమాఖ్య సహాయకురాలు, ఒక్కతే కూర్చుని దాన్ని నింపేస్తుంది. ఆమె తప్పు కాదు, టార్గెట్ టెన్షన్ అలాంటిది. ఒక్కో సంఘం వారపు మీటింగులో పావుగంట దీనికి ఇస్తే, ఆ కాగితం ఊరి ఆడవాళ్ళందరి మాట అవుతుంది.

ఆడవాళ్ళని ఏం కావాలని అడగండి, ఎక్కడ ఇబ్బంది అని కూడా అడగండి. రెండో ప్రశ్నకే అసలైన జవాబులు వస్తాయి. "స్కూలు నుంచి వచ్చే దారిలో బెల్టు షాపు ఉంది." "అంగన్‌వాడీ బాత్రూమ్‌కి తలుపు లేదు." ఇలాంటివి ఏ ఇంజనీరు అంచనాల్లోనూ ఉండవు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది కూడా ఇదే. మహిళా అధ్యక్షులున్న పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ పెట్టాయి, ఎందుకంటే ఆడవాళ్ళు ఎక్కువగా అడిగింది అదే.

తర్వాత మహిళా సభ. చాటింపు వేయించండి, వాట్సాప్ మెసేజ్ మీదే ఆధారపడొద్దు. కూలి నుంచి వచ్చాక సాయంత్రం పెట్టండి. ఎస్సీ కాలనీలోనో తండాలోనో ఒకసారి పెట్టండి, అక్కడివాళ్ళే ప్రతిసారీ ఊళ్ళోకి రావాలన్న రూలేమీ లేదు. మూడు అంశాలు తేల్చి, వాటిని గ్రామ సభలో ఎవరు లేచి చెబుతారో పేర్లు ముందే అనుకోండి. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామ సభ జరపాలని చట్టమే అంటుంది కాబట్టి, ఒకసారి తప్పితే రెండోసారి ఎంతో దూరం ఉండదు.

గ్రామ సభలో చేయాల్సింది ఇంతకుముందే చెప్పాను. పుస్తకం చదివించాలి. మీ అంశం రాశారా, మొత్తం రాశారా, డబ్బు ఏ పద్దు నుంచి అన్నది రాశారా చూసుకున్నాకే సంతకం. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ప్రణాళిక ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కాక, ఆ ఫొటోతో పోల్చి చూడండి. పుస్తకంలో ఉన్న పని పోర్టల్‌లో లేకపోతే అప్పుడే రాతపూర్వకంగా ఎంపీడీవోకు ఇవ్వండి.

ఆరో మెట్టు: పోటీకి మనిషిని తయారుచేయడం

చాలామంది ఆడవాళ్ళకి, మగవాళ్ళకి కూడా, ఒక అపోహ ఉంది. మహిళలకు రిజర్వ్ అయిన సీట్లోనే ఆడవాళ్ళు నిలబడాలని. అది తప్పు. జనరల్ సీటు అంటే మగవాళ్ళ సీటు కాదు, అందరిదీ. రొటేషన్‌లో సీటు జనరల్ అవగానే పనిచేసిన మహిళా సర్పంచ్‌ని ఇంటికి పంపేస్తారు, ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ముంబై నగరపాలక సంస్థలో రిజర్వేషన్ తీసేశాక కూడా, ఎన్నడూ రిజర్వ్ కాని వార్డులతో పోలిస్తే మహిళలు గెలిచే అవకాశం అయిదు రెట్లు దాకా ఉందని ఒక పరిశోధన తేల్చింది. ఒకసారి పనిచేసి చూపించిన మనిషిని జనం మళ్ళీ ఎన్నుకుంటారు. పోటీలో ఉంటే కదా!

నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే కుదరదు. ఆరు నెలల ముందే చూసుకోవాల్సినవి: 21 ఏళ్ళు నిండాయా, ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరు సరిగ్గా ఉందా (ఆధార్‌లో పుట్టింటి పేరు, ఓటరు కార్డులో అత్తింటి పేరు ఉండడం మామూలే), ఇంటి పన్ను బకాయి ఉందా, కుల ధ్రువపత్రం ఉందా. ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎంతమందిని కనాలో తేల్చుకునే అధికారం లేని ఇంట్లో ఉంటూ, ఆ కారణంగానే పోటీకి అనర్హులైన ఆడవాళ్ళకి ఇన్నేళ్ళూ జరిగిన అన్యాయం అది. ఖర్చు లెక్క మాత్రం మరిచిపోవద్దు. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లోపు, ఓడిపోయినా సరే, ఇవ్వాలి. లేదంటే కొన్నేళ్ళు పోటీకి అనర్హత వేటు పడొచ్చు.

పొదుపు సంఘం డబ్బు, సంఘం పేరు ఎన్నికలకు వాడొద్దు. అభ్యర్థి వెంట నడిచే ఆడవాళ్ళు సంఘం సభ్యులే కావచ్చు, కానీ నడవడం వ్యక్తులుగా నడవాలి. ఈ గీత దాటితే ఎన్నికల తర్వాత సంఘమే చీలిపోతుంది.

మండలం దాటి పైకి చూస్తే, అడగాల్సింది పార్టీలను. 106వ సవరణ అమలయ్యేదాకా ఆగాల్సిన పని లేదని బిజూ జనతాదళ్ 2019లోనే చూపించింది. ఒడిశాలో 21 లోక్‌సభ సీట్లకు 7 మహిళలకిచ్చింది, అయిదుగురు గెలిచారు. అడిగేటప్పుడు పదవి పేరు పెట్టి అడగండి. నేపాల్‌లో 2017 చట్టం మేయర్, ఉపమేయర్ అభ్యర్థుల్లో ఒకరు మహిళ అయి తీరాలంది. పార్టీలు చాలాచోట్ల మహిళలకు ఉపమేయర్ ఇచ్చి, మేయర్ మగవాళ్ళకే ఉంచాయి.

ఏడో మెట్టు: గెలిచాక మొదటి మూడు నెలలు

మూడు వస్తువులు చేతిలోకి తీసుకోండి. కుర్చీ, మినిట్స్ బుక్కు, డిజిటల్ సంతకం కీ.

పెన్‌డ్రైవ్ లాంటి ఆ చిన్న కీతోనే ఇప్పుడు డబ్బు కదులుతుంది. సర్పంచ్ పేరు మీద వచ్చిన ఆ కీ ఆపరేటర్ డ్రాయర్‌లోనో, భర్త జేబులోనో ఉంటే, ఆమెకు తెలియకుండా ఆమె సంతకం బిల్లుల మీద పడుతుంది. రేపు రికవరీ నోటీసు వస్తే అది ఆమె పేరునే వస్తుంది, ఆయన పేరున రాదు. భర్తలకి ఈ మాట సూటిగా చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. పాస్‌వర్డ్ ఆమె ఒక్కరికే తెలియాలి.

ఇంట్లో గొడవ పెట్టుకుని కుర్చీ తీసుకోమని నేను చెప్పను. చాలామందికి భర్త సాయం లేనిదే మండలాఫీసుకు వెళ్ళడానికి బండి కూడా ఉండదు. తీసుకెళ్ళనివ్వండి, గేటు దగ్గర ఆగమనండి. మొదటి సమావేశంలో ప్రారంభ వాక్యం, ముగింపు వాక్యం ఆమె చదివితే చాలు. రెండో సమావేశంలో ఒక అంశం. అలా మొదలైనవాళ్ళు ఏడాది తిరిగేసరికి కలెక్టర్ ముందు ధైర్యంగా మాట్లాడడం చూశాను. చట్టం వైపు నుంచి కూడా గాలి మారుతోంది. భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో వేసిన కమిటీ, కఠిన శిక్షలు ఉండాలని సిఫార్సు చేసింది.

బెదిరింపులు వస్తే తేదీలతో రాసిపెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ మహిళా ప్రతినిధుల విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అట్రాసిటీ) నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో, పంచాయతీ సభ్యురాలినో సర్పంచ్‌నో విధులు చేయనివ్వకుండా అడ్డుకోవడం, బెదిరించడం అన్నది 3(1)(ఎం) కింద నేరం. జెండా ఎగరేయనివ్వకపోయినా, కుర్చీలో కూర్చోనివ్వకపోయినా ఆ సెక్షన్ పేరు రాసే ఫిర్యాదు ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: లెక్క పైకి పంపడం

ప్రభుత్వం సీడా కమిటీకి నివేదిక ఇచ్చినప్పుడు, మహిళా సంఘాలు విడిగా తమ నివేదిక ఇవ్వొచ్చు. ఆ పని ఒక ఊరి సంఘం చేయలేదు, చేయనక్కర్లేదు. కానీ అలాంటి నివేదికలు రాసే రాష్ట్ర, జాతీయ స్థాయి సంఘాలకి ఎప్పుడూ కొరవడేది ఊరి నుంచి వచ్చే లెక్క. మూడో మెట్టులో మీరు తీసిన పట్టిక, ఏడాది తర్వాత మళ్ళీ తీసిన పట్టిక, రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ళకివ్వండి. జిల్లా పంచాయతీ అధికారికి ఒక కాపీ, మీ ఎమ్మెల్యేకి ఒక కాపీ.

ఇంకో కాపీ గ్రామ సమాఖ్య ట్రంకు పెట్టెలో, పొదుపు పుస్తకాల పక్కన పెట్టండి. తీర్మానం నకలు, మినిట్స్ ఫొటోల ప్రింటు కూడా అందులోనే ఉండాలి. అయిదేళ్ళ తర్వాత కొత్త సర్పంచ్, కొత్త కార్యదర్శి వస్తారు. "మహిళా సభా? మా ఊళ్ళో అలాంటిదేం లేదే" అంటారు. అప్పుడు ఆ పెట్టె తాళం తీసి, తేదీ, తీర్మానం నంబరు చదివి వినిపించేవాళ్ళు ఇద్దరైనా ఉండేట్టు ఇప్పుడే చూసుకోండి.